గుప్పెడు తవుడు

తాడేపల్లిగూడెంలో మా అబ్బాయి ఇల్లు రైసుమిల్లుకు వెనక వీధిలో ఉంది. మధ్యాహ్నం మిల్లు ఆడుతున్నంతసేపూ వేడి తవుడు వాసన కిటికీలోంచి లోపలికి వస్తూనే ఉంటుంది. మా కోడలికి ఆ వాసన ఇష్టం, పుట్టింటి గేదెల పాక గుర్తొస్తుందట. నాకు మాత్రం భయం వేస్తుంది. నాకు తెలియకుండానే కుడిచేతి గుప్పెట మూసుకుపోతుంది. మా మనవరాలు అది కనిపెట్టింది. "నాన్నమ్మా, చేతిలో ఏం దాచావు?" అంటూ వచ్చి ఒక్కొక్క వేలే విప్పదీస్తుంది. లోపల ఏమీ ఉండదు. అది చూసి ఆ పిల్ల ఆటకు పోతుంది, నేను ఆ అరచేతిని చూసుకుంటూ చాలాసేపు కూర్చుంటాను. ఆ చేతిలో ఒకప్పుడు నిజంగానే గుప్పెడు తవుడు పోశారు. అది నాకోసం పోసింది కాదు, మరొకరి తరఫున పట్టుకున్నాను. ఆ మరొకరు మహాలక్ష్మమ్మ గారు. ఆవిణ్ణి ఎరిగినవాళ్ళు ఇప్పుడు ఎవరూ మిగల్లేదు. నాలాంటి పిరికిదానికి పిరికితనంతోనే బతుకు నేర్పిన మనిషిని గురించి నేనైనా చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు.

అవి తెల్లవాళ్ళ రోజులు, ముప్ఫైల నాటి మాటలు. ఏలూరులో కాలువ గట్టుకు దగ్గరగా ఆడవాళ్ళకూ పిల్లలకూ ఒక ధర్మాసుపత్రి ఉండేది. కొల్లేటి లంకల నుంచి దోనెల మీదా పడవల మీదా, పెదవేగి వైపు మెట్ట ఊళ్ళ నుంచి ఎడ్లబళ్ళ మీదా జనం వచ్చేవారు. గేటు దాటగానే వరండా, వరండాలో ఒక టేకు బల్ల. వచ్చినవాళ్ళు ఎవరైనా సరే, ఆ బల్ల దగ్గర రోగి పేరూ ఊరూ చెప్పి, తాము రోగికి ఏమవుతారో చెప్పి, రిజిస్టరులో రాయించుకున్నాకే లోపలికి పోవాలి. ఆసుపత్రివాళ్ళు దాన్ని అడ్మిషన్ సెక్షన్ అనేవారు. జనం మాత్రం పేర్ల బల్ల అనేవారు, అక్కడ కూర్చునే మహాలక్ష్మమ్మ గారిని పేర్లమ్మ గారు అనేవారు. వినడానికి ఏదో గ్రామదేవత పేరులా ఉండేది. జనానికి ఆ బల్ల అంటే ఉన్న భయం కూడా అలాంటిదే. ఇక్కడ పేరు రాస్తే పైన చిత్రగుప్తుడికి తెలిసిపోతుందని నమ్మేవారు. కాళ్ళ మీద నడిచి లోపలికి వెళ్ళినవాళ్ళు నలుగురి భుజాల మీద బయటికి వస్తారని ఊళ్ళల్లో చెప్పుకునేవారు. అందుకని బల్ల ముందుకు వచ్చేసరికి మాటలు తడబడేవి, కొందరు ఊరి పేరు కూడా మార్చి చెప్పేవారు.

నేను ఆ బల్ల దగ్గరికి ఉద్యోగం కోసం వచ్చాను. మా నాన్నగారు పెదపాడులో బడిపంతులు. ఆయన పోయాక అమ్మా నేనూ మేనమామ పంచన చేరాం. నా భర్త పెళ్ళయిన కొత్తల్లోనే రంగూను వెళ్ళారు, మొదట్లో ఉత్తరాలు రాసేవారు, తర్వాత మానేశారు. ఇంటి ఆడపిల్ల ఆసుపత్రిలో, అంటూ సొంటూ లేనిచోట పనిచేయడమేమిటని మా అత్తయ్య బుగ్గలు నొక్కుకుంది. కానీ ఎనిమిదో తరగతి చదివినదాన్ని, చేతిరాత బాగుంటుంది, తినే నోళ్ళేమో ఎక్కువ. మామయ్య వరండా మెట్ల దాకా తీసుకొచ్చి దింపి, గోడకు తగలకుండా ఒళ్ళు దగ్గరపెట్టుకుని వెళ్ళిపోయాడు. బల్ల వెనక ఒక సన్నపాటి మనిషి. నుదుటి మీద పెద్ద కుంకుమబొట్టు, ముక్కు చివరికి జారిన కళ్ళజోడు. లోపల ఎవరో ఒక్కసారి గట్టిగా ఏడవగానే ఆవిడ ఉలిక్కిపడి బల్ల అంచు పట్టుకున్నారు. ఇంత భయస్తురాలు ఇక్కడెలా కూర్చుంటుందా అని నాకు ఆశ్చర్యం వేసింది.

"నీ పేరేమిటమ్మా?"

"జానకండి."

"మీ ఆయన ఏం చేస్తారు?"

"రంగూనులో మిల్లు గుమాస్తా అండి. బాగా సంపాదిస్తున్నారండి."

ఆవిడ పెన్సిలు కింద పెట్టేశారు. నా మొహం వైపు కాకుండా, పైట చెంగు నలుపుతున్న నా వేళ్ళ వైపు చూస్తూ, గొంతు తగ్గించి మళ్ళీ అదే అడిగారు. "మీ ఆయన ఏం చేస్తున్నారమ్మా?"

"తెలియదండి," అన్నాను. "ఉత్తరం వచ్చి ఏడాది దాటిపోయింది. అసలు ఉన్నారో లేదో కూడా తెలియదండి." ఆ మాట మా అమ్మ దగ్గర కూడా నేను పైకి అనలేదు. అనేశాక ఏడుపు ఆగలేదు.

ఆవిడ నన్ను ఊరుకోబెట్టలేదు, ఏడవనిచ్చారు. తర్వాత మంచినీళ్ళ చెంబు జరిపి, "ఇక్కడి పనంతా ఇంతే జానకీ," అన్నారు. "ఏదైనా రెండుసార్లు అడగాలి. మొదటిసారి మనకు భయపడి చెబుతారు. రెండోసారి లోపలున్న భయం చెబుతారు. మనం రాసుకోవలసింది ఆ రెండోదే."

"నాకు చాలా భయమండి. రక్తమన్నా భయమే, శవమన్నా భయమే. చెయ్యగలనో లేదో."

"నాకు మటుకు లేదనుకున్నావా? భయం లేనివాళ్ళని ఈ బల్ల దగ్గర కూర్చోబెట్టకూడదమ్మా. ఒకసారి అడిగి రాసి పారేస్తారు."

ఆవిడకు ఉత్త భయం కాదు, భయాల పుట్ట. బల్లి పడితే పంచాంగం చూసేవారు. ఉరిమితే చెవులు మూసుకుని అర్జునుడి పేర్లు చదివేవారు, పదో పేరు వచ్చేసరికి ఉరుము ఆగితే సరి, లేకపోతే మళ్ళీ మొదటినుంచి. వాటికి నేను చాటుగా నవ్వుకునేదాన్ని. నవ్వలేని భయం ఒకటుండేది, ఆసుపత్రి నుంచి ఇంటికి జబ్బు మోసుకుపోతానేమోనని. ఆవిడకు సుందరి అని ఒక్కతే కూతురు. ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయాక దక్కిన పిల్ల. భర్త పోయి అప్పటికి చాలాకాలమైంది, అయినా ఆవిడ బొట్టు తీయలేదు. పసిపిల్ల నిద్రలేచి తన మొహం చూసి జడుసుకుంటుందని తీయలేదట, అదీ ఒక భయమే. రోజూ సాయంత్రం పెరటి దారిన ఇంట్లోకి వెళ్ళి, పసుపునీళ్ళతో స్నానం చేసి, కట్టిన చీర వేన్నీళ్ళలో పడేసి, అప్పుడు గాని "సుందరీ" అని పిలిచేవారు కాదు. ఆ పిలుపుకు పిల్ల పలికేదాకా గుమ్మంలోనే నిలబడేవారు. ఒకటి రెండుసార్లు నేనూ వెంట ఉన్నాను. ఆ కాస్త ఆలస్యంలో ఆవిడ మొహం చూడలేకపోయేదాన్ని.

ఆ భయమే బల్ల దగ్గర ఆవిడ చేత పని చేయించేది. లంకల నుంచి వచ్చిన ఆడవాళ్ళు మొగుడి పేరు చెప్పరు కదా, నోటితో అంటే ఆయుష్షు తరుగుతుందని. నేనైతే "చెప్పకపోతే ఎలాగమ్మా" అని విసుక్కునేదాన్ని. మహాలక్ష్మమ్మ గారు విసుక్కునేవారు కాదు, పడవలో వెంట వచ్చినావిణ్ణి పిలిచి చెప్పించేవారు. "చెప్పాక ఆయనకి ఏమైనా అయిందనుకో, ఆ పాపం మన బల్లకి చుట్టుకోదూ?" అనేవారు నాతో. ఎదుటివాళ్ళ భయాన్ని ఆవిడ ఎన్నడూ పిచ్చి అనలేదు. అది తన ఇంట్లోదే అయినట్టు చూసేవారు.

ఆ ఏడు వానలు ముందే పట్టుకున్నాయి. కొల్లేరు పొంగి లంకల్లోకి ఎక్కింది. తాగే నీరూ మురుగు నీరూ ఒకటయ్యాయి. వాంతిభేదులు మొదలయ్యాయి. కాలువ రేవులో పడవ ఆగినప్పుడల్లా మా ఇద్దరి చేతులూ బల్ల అంచు మీదికి పోయేవి. ఆసుపత్రి వెనక తాటాకుల షెడ్డు ఒకటి వేసి, చుట్టూ తడికలు కట్టి, అంటురోగం వాళ్ళను అందులో ఉంచారు. షెడ్డులోకి రోగితో ఒక్కరే పోవాలి. అదీ తల్లో తండ్రో, రక్తసంబంధం ఉన్నవాళ్ళో అయివుండాలి. అలా వెళ్ళినవాళ్ళు రోగి తేరుకునేదాకా బయటికి రాకూడదు. ఊరంతా అంటుకోకుండా పెట్టిన నియమం అది, తప్పుపట్టడానికి లేదు. ఎవరూ లేని పిల్లలు వస్తే ఆయాకు అప్పగించేవారు. బతికి బయటపడితే రైలెక్కించి ఎక్కడో దూరాన అనాథల బడికి పంపేవారు. షెడ్డంతటికీ ఆయా ఒక్కతే. ఆమె మాత్రం ఎందరికని చూస్తుంది? ఆ పిల్లల్లో రైలెక్కినవాళ్ళు తక్కువ.

ఒక పొద్దున సన్నగా తుంపర పడుతుండగా ఒకామె పరుగున వరండా ఎక్కింది. ఒళ్ళంతా బురద, చేతుల్లో గోనెపట్టాలో చుట్టిన పిల్లవాడు. ఏడాది దాటి ఉంటుందేమో. కళ్ళు లోతుకు పోయాయి, ఏడవడానికి కూడా ఓపిక లేదు. మొహం నిండా ఎవరో కావాలని మసి పూశారు. ఆమె పేరు ముత్యాలు, కొల్లేట్లో వలలేసుకు బతికే ఇంటి మనిషి. అది తర్వాత తెలిసింది.

"బిడ్డ పేరేమిటమ్మా?" అన్నారు మహాలక్ష్మమ్మ గారు.

"పేరు లేదండి."

"నీకేమవుతాడు?"

"నాకేం కాడండి," అంది ముత్యాలు. ఆ మాట అంటూనే పిల్లవాణ్ణి ఇంకా గట్టిగా గుండెకు అదుముకుంది.

ఆవిడ పెన్సిలు కింద పెట్టారు. ఆ వేళ్ళ వైపు చూస్తూ మెల్లగా మళ్ళీ అడిగారు. "నీకేమవుతాడమ్మా?"

"ఏం కాడండి బాబూ! రేవుకాడ పెంటకుప్ప మీద పడుంటే ఎత్తుకొచ్చానండి. ఎవుళ్ళ బిడ్డో నాకు తెలవదండి. మందేసి బతికించండి."

రెండోసారి కూడా మొదటి జవాబే రావడం ఆ బల్ల దగ్గర నేనెప్పుడూ చూడలేదు. నాకు నిజంగా దొరికిన పిల్లవాడే అనిపించింది. మహాలక్ష్మమ్మ గారి మొహం మాత్రం పాలిపోయింది. ముత్యాలు పైట వైపు చూడమని నాకు కళ్ళతో చెప్పారు. గుండెల మీద పైట పాలతో తడిసి ఉంది.

ఆవిడ నన్ను స్తంభం పక్కకు పిలిచి గొంతు తగ్గించి చెప్పారు. ముందు పుట్టినవాళ్ళంతా పోయి, ఆఖరికి ఒకడు దక్కితే, వాణ్ణి తల్లి నా బిడ్డ అనదు. పెంట మీద పొర్లిస్తుంది, మసి పూస్తుంది, దొరికినవాడంటుంది. ఎవరికీ కాని బిడ్డ కోసం మృత్యువు రాదని నమ్మకం. "అబద్ధం కాదు జానకీ అది. కాపలా. వాడు చావుకు దగ్గరగా ఉన్న కొద్దీ తల్లి ఇంకా గట్టిగా కాదంటుంది."

"అయితే మనమే తల్లి అని రాసేద్దామండీ," అన్నాను.

"రాశామని తెలిస్తే బిడ్డనెత్తుకుని పడవెక్కేస్తుంది. దార్లోనే పోతాడు."

అంతలో లోపలినుంచి డాక్టరమ్మ గారు వచ్చి పిల్లవాడి కనురెప్ప ఎత్తి చూశారు. ఆవిడ మంచిదే, కానీ ఆ రోజుల్లో నిలబడి మాట్లాడేటంత తీరిక లేదు. "వెంటనే లోపలికి పంపండి. తల్లి పక్కనుండి చెంచాతో నీళ్ళు పడుతూ, పాలు ఆపకుండా ఇస్తేనే ఆశ. తల్లి ఎవరు?" అన్నారు. ముత్యాలు తల పక్కకు తిప్పుకుంది. "లేకపోతే ఆయాకివ్వండి," అని ఆవిడ తల దించుకున్నారు. ఆయాకివ్వడమంటే ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు.

ముత్యాలుకూ తెలిసింది. పిల్లవాణ్ణి ఎత్తుకునే మోకాళ్ళ మీద కూలబడి, "మీరు కొనుక్కోండమ్మగోరూ! గుప్పెడు తవుడిచ్చి కొనుక్కోండి. మీ బిడ్డయితే దాని కళ్ళు ఈడి మీద పడవు. మీకు పిల్లలున్నారా అండీ?" అంది.

అలా కొనడమూ ఆ ఆచారంలో ఉన్నదే. గండం దాటని బిడ్డను మరో తల్లికి తవుడికి అమ్మేస్తారు. కొనేవాళ్ళకు బతికి ఉన్న బిడ్డ ఉండాలి, అది చాలా ముఖ్యం. నాకు పిల్లల్లేరు. ఆయాకూ లేరు. వరండాలో ఆ అర్హత ఒక్క మహాలక్ష్మమ్మ గారికే ఉంది. ఇంకోటి కూడా ఉంది. కొన్నవాళ్ళు బిడ్డతోపాటు బిడ్డ వెనక ఉన్న గండాన్నీ కొనుక్కుంటారు. అది ఆవిడ నాకు చెప్పనక్కర్లేదు, పెదపాడులో మా అమ్మ చెప్పగా విన్నాను. బల్లి పడితే పంచాంగం చూసే మనిషి ఆ మాట నమ్మకుండా ఎలా ఉంటారు? ఆవిడ పెదవులు "సుందరి" అని కదలడం నేను చూశాను. లేచి వరండా చివరికి పోయి, గోడ వైపు మొహం పెట్టి నిలబడ్డారు. వీపు వణుకుతోంది. ఒక మనిషి భయాన్ని అంత దగ్గరగా, అంత నగ్నంగా నేను మళ్ళీ చూడలేదు. ఒద్దంటారనే అనుకున్నాను. ఒద్దన్నా నేను ఆవిణ్ణి ఏమీ అనుకునేదాన్ని కాదు.

తిరిగి వచ్చి, "జానకీ, గేటు దగ్గర బండివాణ్ణడిగి గుప్పెడు తవుడు పట్రా," అన్నారు.

ఎడ్లకు పెట్టే తవుడు తెచ్చి ఇచ్చాను. ఆవిడ దాన్ని ముత్యాలు దోసిట్లో పోశారు. పసుపునీళ్ళతో కడుక్కోనిదే సొంత కూతుర్ని ముట్టని మనిషి, మలంతో తడిసిన ఆ గోనెపట్టాతో సహా పిల్లవాణ్ణి చేతుల్లోకి తీసుకున్నారు. "వీడు నా కొడుకు. పేరు తవిటయ్య. రాయి జానకీ. తల్లి పేరు దగ్గర నా పేరు రాయి."

"అబద్ధం కదండీ?" అన్నాను.

"ఇప్పుడే కదే కొన్నాను, నువ్వు చూస్తుండగానే."

తర్వాత ముత్యాలు వైపు తిరిగి, పనిమనిషిని కుదుర్చుకుంటున్న గొంతుతో అన్నారు. "చూడమ్మాయ్, నా కొడుక్కి ఒంట్లో బాగాలేదు. నాకేమో బల్ల దగ్గర పని. వీడికి ఆయాగా లోపలికెళ్ళి పాలిస్తావా?"

"ఇస్తానండి! మీ బిడ్డని కంటికి రెప్పలా చూసుకుంటానండి," అంది ముత్యాలు. అప్పుడు గాని ఆమె కంట నీళ్ళు రాలేదు.

తల్లి స్వయంగా పోలేనప్పుడు డాక్టరు ఒప్పుకుంటే ఆయాను పంపవచ్చు. డాక్టరమ్మ గారు తల్లి పేరు చదివి, తలెత్తి, కళ్ళజోడులోంచి మహాలక్ష్మమ్మ గారిని చూశారు. "మీకెప్పుడు పుట్టాడండీ వీడు?"

"ఇందాకేనండీ."

డాక్టరమ్మ గారు సంతకం చేశారు. ముత్యాలు పిల్లవాడితో తడిక దాటి వెళ్ళింది. మహాలక్ష్మమ్మ గారు కుర్చీలో కూలబడి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, వాటిని ఎవరివో అన్నట్టు చూసుకుంటూ ఉండిపోయారు.

ఆ సాయంత్రం నుంచి ఆవిడ ఇంటికి పోలేదు. సుందరిని చెల్లెలి ఇంటికి పంపించి, తను ఆసుపత్రి పెరట్లో గదిలో ఉండిపోయారు. కూతురికి దూరంగా ఉంటే గండం దారి తప్పుతుందని ఆశ. షెడ్డులో పిల్లవాడు బాగుపడుతున్నాడో లేదో ఎవరూ తేల్చి చెప్పేవారు కాదు. ఓ పూట నీళ్ళు నిలిచాయనేవారు, మరో పూట మళ్ళీ మొదలైందనేవారు. అలాంటప్పుడే ఒక మధ్యాహ్నం చెల్లెలి ఇంటినుంచి మనిషి వచ్చి, సుందరికి జ్వరం తగిలిందని చెప్పి వెళ్ళాడు. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "తిరిగి ఇచ్చేయొచ్చు జానకీ," అన్నారు. "అదే గుప్పెడు తవుడు ముత్యాలు చేత తిరిగి ఇప్పించుకుంటే చాలు. వాడు నావాడు కాకుండా పోతాడు."

ఇచ్చేయమంటే ఆ పిల్లవాడు, ఒద్దంటే సుందరి. ఆ పిల్ల నా దగ్గర ఎక్కాలు నేర్చుకునేది, నాకూ చెల్లెలిలాంటిదే. ఆవిడ లేచి తడిక దగ్గరికి వెళ్ళారు. నేనూ వెనకే వెళ్ళాను. తడిక సందులోంచి ముత్యాలు కనిపించింది. పిల్లవాణ్ణి ఒళ్ళో వేసుకుని చెంచాతో నీళ్ళు పడుతోంది. ఒక చెంచా కక్కేస్తే తుడిచి, మళ్ళీ ఇంకో చెంచా. మమ్మల్ని చూసి, "అమ్మగోరూ, మీ బిడ్డ ఇయ్యాల నా ఏలు పట్టుకున్నాడండి," అంది. మహాలక్ష్మమ్మ గారు నోరు తెరిచారు. "జాగ్రత్తగా చూడు," అని మాత్రం అని వెనక్కి తిరిగారు. బల్ల దాకా వచ్చాక, "అడగలేకపోయానమ్మా. సుందరికేమైనా అయితే నన్ను నేను క్షమించుకోను. అడిగినా క్షమించుకోను," అని తల బల్ల మీద ఆనించి ఏడ్చారు. నేను ఆవిడ వీపు మీద చెయ్యి వేశాను. అంతకుమించి చేయడానికి ఏమీ లేదు.

సుందరిది చలిజ్వరం. క్వినైను మింగి, వారం తిరక్కుండానే లేచి ఎప్పటిలా గెంతులు వేసింది. ఆ తర్వాత ఒక పొద్దున షెడ్డులోంచి ఒక పసివాడి ఏడుపు వినిపించింది. ఆకలితో, కోపంతో, ఊరంతా వినిపించేలా ఏడ్చే ఏడుపు. ఏడుపు వింటే ఉలిక్కిపడే మనిషి మొదటిసారి నవ్వారు. "నా కొడుకే," అన్నారు.

వెళ్ళేరోజు ముత్యాలు పిల్లవాణ్ణి చంకనేసుకుని బల్ల ముందు నిలబడింది. "ఎవరి బిడ్డమ్మా?" అని ఆవిడ అడిగారు, కొంచెం ఆటగానే. ముత్యాలుకు అది ఆట కాదు. "మీ బిడ్డేనండి. నేను సాకుతానంతే," అంది. ఆవిడ తవుడు తిరిగి అడగలేదు, ఆమె ఇస్తాననలేదు. ఆ బేరం అలాగే నిలిచిపోయింది. అప్పటినుంచి కొల్లేట్లో నీళ్ళు తీసినప్పుడల్లా ముత్యాలు ఎండుచేపల బుట్టతో వచ్చేది. చేపల వాసనకే ముక్కు మూసుకునే మహాలక్ష్మమ్మ గారు గుమ్మం బయటే దాన్ని అందుకుని, ఆయాలకు పంచిపెట్టి, "మా అబ్బాయి పంపాడు" అని చెప్పుకునేవారు. తవిటయ్య ఆవిణ్ణి అమ్మ అనేవాడు, ముత్యాలును పేరుపెట్టి పిలిచేవాడు. కన్నతల్లిని వాడలా పిలుస్తుంటే నాకు కడుపు తరుక్కుపోయేది. ముత్యాలు మాత్రం సంతోషంగా పలికేది.

ఏళ్ళు గడిచాయి. రంగూను నుంచి నా భర్త సగమై తిరిగొచ్చారు, రావడమే పదివేలు. నాకు ఇద్దరు పిల్లలు పుట్టారు, ఇంటికి పెరటి దారిన వెళ్ళడం నేనూ నేర్చుకున్నాను. సుందరి పెళ్ళయి తణుకు కాపురానికి వెళ్ళింది. అలాంటప్పుడు మహాలక్ష్మమ్మ గారికి విడవని జ్వరం పట్టుకుంది. ఆవిణ్ణి చేర్చుకుంటూ బల్ల ఇవతల కూర్చుని పేరు రాయవలసింది నేనే.

"ఎలా ఉందండీ?" అన్నాను.

"బాగానే ఉందమ్మా."

పెన్సిలు కింద పెట్టాను. "ఎలా ఉందండీ?"

"భయంగా ఉంది జానకీ," అని చెయ్యి చాపారు. బల్ల మీదుగానే పట్టుకున్నాను. కాలిపోతోంది.

కబురెలా తెలిసిందో, మర్నాడే ముత్యాలు వచ్చింది. వెంట తవిటయ్య, నా భుజం దాకా ఎదిగాడు. నియమం నియమమే కనుక, "లోపలున్నావిడ మీకేమవుతారు?" అని అడిగాను.

"మా అమ్మండి," అన్నాడు వాడు.

ముత్యాలు చటుక్కున వాడి నోరు మూసింది. "కాదండి! మాకేం కాదండి! ఆయమ్మెవరో మాకు తెలవదండి!" ఆమె ఒళ్ళంతా వణుకుతోంది. అలాంటి వణుకు ఆ వరండాలో నేనొకసారి చూసి ఉన్నాను.

ఆ బల్ల దగ్గర రెండోసారి అడగనిది నేను ఆ ఒక్కసారే. 'ఆయా' అని రాసి వాళ్ళను లోపలికి పంపాను. తర్వాత మంచం దగ్గరికి వెళ్ళి, "మీరు వాళ్ళకేమీ కారటండీ," అని చెప్పాను. మహాలక్ష్మమ్మ గారు ఎండిపోయిన పెదవులతో నవ్వారు. "ఏమీ కానన్నారా? పాపం, ఎంత భయపడుతున్నారో నాకోసం," అన్నారు.

ఆవిడ బతకలేదు. ఒక మధ్యాహ్నం నేను మందు పట్టుకెళ్ళేసరికి అయిపోయింది. వరండాలోకి తెచ్చి పడుకోబెట్టాం. తణుకు నుంచి సుందరి నిండు నెలలతో వచ్చి, తల్లి పాదాల దగ్గర కూర్చుని ఏడుస్తోంది. ముత్యాలు తవిటయ్య చెయ్యి పట్టుకుని జనాన్ని తోసుకుని వచ్చింది. ఇంక దాచేదేముంది? "ఈడి తల్లండీ! ఈడి తల్లి పోయిందండోయ్!" అని గుండెలు బాదుకుని అరిచింది. చావు అయిపోయాక గాని ఆ చుట్టరికం పైకి చెప్పే ధైర్యం ఆమెకు రాలేదు.

తర్వాత కళ్ళు తుడుచుకుని నా దగ్గరికి వచ్చింది. కొంగు ముడి విప్పింది. లోపల తవుడు. "తల్లి పోతే బిడ్డ అనాథ అవుతాడండి. ఈణ్ణి నేను మళ్ళీ కొనుక్కోవాలండి. సుందరమ్మ కడుపుతో ఉంది, ఆమె పట్టకూడదు. ఆయమ్మ తరపున మీరు పట్టండి."

నా చెయ్యి లేవలేదు. ఇంట్లో ఇద్దరు పిల్లలు కళ్ళముందు మెదిలారు. చావు బేరంలో చెయ్యి పెడితే దాని కన్ను ఎవరి మీద పడుతుందో ఎవరు చెప్పగలరు? వరండా చివర ఆ గోడ కనిపిస్తోంది. ఆవిడ అటు తిరిగి వణికిన గోడ. వణుకు తీరాక కాదు, తీరకుండానే వెనక్కి తిరిగి వచ్చారు కదా. కుడిచెయ్యి చాపాను. ముత్యాలు గుప్పెడు తవుడు పోసింది. దోనెలో తడిసి, ఆమె ఒంటి వేడికి వెచ్చగా ఉంది. గుప్పెట మూశాను.

ముత్యాలు తవిటయ్య వైపు తిరిగింది. "నా కొడకా!" అంది. పుట్టినప్పటినుంచి ఆమె వాణ్ణి ఆ మాట అనలేదు. వాడు ఎవర్ని పిలుస్తోందా అని వెనక్కి తిరిగి చూశాడు.

మొన్న మిల్లు ఆడుతుండగా మా మనవరాలు మళ్ళీ నా వేళ్ళు విప్పింది. "ఏం దాచావు నాన్నమ్మా?" అంది. "ఏమీ లేదమ్మా," అన్నాను. ఎప్పటిలా ఆటకు పోతుందనుకున్నాను. పోలేదు. నా చేతినే చూస్తూ, గొంతు తగ్గించి మళ్ళీ అడిగింది.